లేక్ లానియర్‌లో మరపడవల దూకుడు: కయాక్ నడిపేవాళ్లకు రక్షణ ఎక్కడ?

తెడ్డు_కమింగ్:

అందరికీ నమస్కారం. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, లేక్ లానియర్ సరస్సుకు దగ్గర్లోని కమింగ్, సువానీ, జాన్స్ క్రీక్ ప్రాంతాల్లో ఉంటున్న మన తెలుగు కుటుంబాల్లో ఈమధ్య కయాక్‌లు (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలు), ప్యాడిల్ బోర్డులు కొనుక్కున్నవారు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ విషయం ఇక్కడ చర్చకు పెట్టడం సబబనిపించింది. మొన్న శనివారం మధ్యాహ్నం మేరీ ఆలిస్ పార్కు నుంచి నేనూ మా అమ్మాయీ చెరొక కయాక్‌లో బయలుదేరి ఒడ్డు వెంబడే వెళ్తుండగా, ఒక వేక్ బోటు (వెనక పెద్ద అల లేపేలా తయారుచేసిన మరపడవ) మాకు మహా అయితే 30 అడుగుల దూరంలోంచి వేగం ఏమాత్రం తగ్గించకుండా దూసుకుపోయింది. నా పడవ ముక్కు అలకు ఎదురుగా ఉండటంతో నేను ఊగి నిలదొక్కుకున్నాను గానీ, మా అమ్మాయి పడవకు అల పక్కనుంచి తగలడంతో నీళ్ల సీసా, టోపీ కొట్టుకుపోయి, కూర్చునే చోట చీలమండలు మునిగేంత నీరు చేరింది. ఇద్దరికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయి, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ పడవలో ఉన్నవాళ్లు వెనక్కి తిరిగి చేతులు ఊపారు. అది పలకరింపో, క్షమాపణో నాకు అర్థం కాలేదు.

నాకు తెలియాల్సింది ఏమిటంటే, ఇలాంటప్పుడు జార్జియా చట్టం ఎవరి పక్షాన ఉంటుంది, ఫిర్యాదు చేస్తే ఫలితం ఉంటుందా, అసలు వేసవి వారాంతాల్లో పిల్లలతో ఈ సరస్సులోకి కయాక్ దింపడం తగిన పనేనా అన్నది.

నిబంధనల_నారాయణ:

మీ అమ్మాయి క్షేమంగా ఉన్నందుకు సంతోషం. జార్జియాలో వందడుగుల నియమం ఒకటి ఉంది. లంగరు వేసిన పడవకు, మామూలు దారికి దూరంగా ఊరికే తేలుతున్న పడవకు, డాక్‌కు, వంతెన స్తంభానికి, నీటిలో ఉన్న మనిషికి, ఇళ్లు గానీ పార్కులు గానీ ఉన్న ఒడ్డుకు 100 అడుగుల లోపలికి వచ్చినప్పుడు ఏ మరపడవైనా ఇంజను ఐడిల్‌లో నడిచే వేగాన్ని మించకూడదని దాని సారాంశం. మీరు పార్కు ఒడ్డు వెంబడే వెళ్తున్నామన్నారు కాబట్టి, ఆ పడవ ఒడ్డుకు 100 అడుగుల లోపల ఉండి ఉంటే నియమం ఉల్లంఘించినట్లే. అయితే ఆ జాబితాను జాగ్రత్తగా చదవండి: తెడ్డు వేస్తూ ముందుకు కదులుతున్న కయాక్ ప్రస్తావన అందులో విడిగా కనిపించదు. మీరు ఒడ్డుకు దూరంగా, సరస్సు మధ్యలో ఉండి ఉంటే ఆ నియమాన్ని మీకు అన్వయించడానికి వాదన అవసరమయ్యేది.

అంతర్జాతీయ నౌకాయాన నియమాల్లో, వాటి నమూనాలోనే ఉన్న అమెరికా ఇన్‌లాండ్ నియమాల్లో కూడా ఇలాంటి ఖాళీయే ఉంది. మరపడవ ఎవరెవరికి దారి ఇవ్వాలో చెప్పే 18వ నియమంలో అదుపు తప్పిన నౌకలు, కదలికకు వీలు తక్కువైన నౌకలు, వలలు వేసి చేపలు పడుతున్నవి, తెరచాప పడవలు ఉన్నాయి గానీ తెడ్డు పడవల పేరు లేదు. "కయాక్‌కు ఎప్పుడూ దారి హక్కు ఉంటుంది" అని చాలామంది ధీమాగా అంటుంటారు. ఆ మాటకు అక్షరాలా ఆధారం చూపించడం కష్టం. మనకు అండగా నిలిచేవి వేరే నియమాలు. 5వ నియమం ప్రకారం ప్రతి నౌకా ఎల్లవేళలా చూపుతోనూ వినికిడితోనూ చుట్టూ కనిపెట్టుకుని ఉండాలి. 6వ నియమం ప్రకారం చుట్టూ ఉన్న రద్దీకి, వెలుతురుకు తగిన వేగంలోనే వెళ్లాలి. 13వ నియమం ప్రకారం వెనకనుంచి వచ్చి దాటిపోయే పడవే, అది ఏ రకమైనదైనా సరే, ముందున్న పడవకు తప్పుకుని వెళ్లాలి. మిమ్మల్ని అది వెనకనుంచి దాటి ఉంటే ఈ మూడూ వర్తిస్తాయి.

పాంటూన్_ప్రియుడు:

నేను ఇదే సరస్సులో పడవ ఉంచుకుని నడుపుతున్నవాణ్ని కాబట్టి అవతలి పక్షం కూడా వినిపిస్తాను. దయచేసి అపార్థం చేసుకోవద్దు. మరపడవ నిలకడ నుంచి వేగం అందుకుని నీటి పైకి లేచే ఆ కొన్ని క్షణాల్లో ముక్కు పైకెత్తుకుపోయి, చక్రం దగ్గర కూర్చున్నవాడికి ఎదురుగా ఉన్న నీరు బొత్తిగా కనిపించదు. వేక్ బోట్లలో పెద్ద అల కోసం వెనకభాగాన నీటి తొట్లు నింపుతారు కాబట్టి అవి ఆ భంగిమలోనే చాలాసేపు నడుస్తాయి. ఎండ ఎదురుగా ఉన్నప్పుడు నీటి మెరుపులో ముదురు నీలం, ఆకుపచ్చ రంగు కయాక్‌లు కలిసిపోతాయి. అందులో కూర్చున్న మనిషి తల నీటికి మూడడుగుల ఎత్తు కూడా ఉండదు. చీకటి రోడ్డు మీద దీపం లేని ఎడ్లబండి ఎలా ఉంటుందో, మధ్యాహ్నపు ఎండలో నల్ల కయాక్ మాకు అలా ఉంటుంది.

ఇంకొక మాట. ఐదారుగురు కయాక్‌వాళ్లు పొడుగాటి వరుసలో, ఒకరికొకరు యాభై గజాల దూరంలో, పడవలు తిరిగే ప్రధాన మార్గాన్ని ఏటవాలుగా దాటుతూ మధ్యలో ఆగి ఫోటోలు తీసుకోవడం నేను స్వయంగా చూశాను. అలాంటప్పుడు ఏ వైపుకు తప్పుకోవాలో ఎంత మంచి చోదకుడికైనా తోచదు.

లెక్కల_పిచ్చి:

పాంటూన్ ప్రియుడు గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే గానీ, అవి వేగం తగ్గించడానికి కారణాలు అవుతాయి తప్ప తగ్గించకపోవడానికి సాకులు కావు. ముందు ఏముందో కనిపించనప్పుడు పక్కన ఒక మనిషిని నిలబెట్టి చూపించుకోవాలి, లేదా నెమ్మదించాలి. చిన్న లెక్క చూద్దాం. గంటకు 30 మైళ్ల వేగంతో వచ్చే పడవ సెకనుకు 44 అడుగులు కదులుతుంది. 100 అడుగులు దాటడానికి దానికి రెండు సెకన్ల పైచిలుకు చాలు. గంటకు 3 మైళ్ల వేగంతో తెడ్డు వేసే మనిషికి అదే 100 అడుగులు దాటడానికి దాదాపు 23 సెకన్లు పడుతుంది. అంటే కయాక్ నడిపేవాడు మరపడవ దారిలోంచి వంద అడుగులు పక్కకు తప్పుకోవాలంటే, అది వెయ్యి అడుగుల దూరంలో ఉన్నప్పుడే తనవైపు వస్తోందని గుర్తించి కదలడం మొదలుపెట్టాలి. తప్పుకునే శక్తి ఎవరి చేతిలో ఉందో, తప్పుకునే బాధ్యతలో పెద్ద భాగం వాళ్లదే కావాలని ఈ అంకెలే చెబుతున్నాయి.

అమెరికా కోస్ట్ గార్డ్ ఏటా విడుదల చేసే నివేదికలో, 2023 సంవత్సరానికి విహార పడవల ప్రమాదాల్లో 564 మంది చనిపోయినట్లు ఉంది. ప్రమాదాలకు ప్రధాన కారణాల్లో మొదటిది చోదకుడి పరధ్యానం, రెండోది చుట్టూ సరిగా గమనించకపోవడం. మీ అమ్మాయికి జరిగినటువంటి, త్రుటిలో తప్పిపోయిన ఘటనలు ఆ లెక్కల్లోకి రానే రావు.

పాంటూన్_ప్రియుడు:

సాకు చెప్పలేదండీ, మా వైపునుంచి ఏం కనిపిస్తుందో చెప్పాను. అదే నివేదికలో మునిగి చనిపోయినవారిలో 87 శాతం మంది లైఫ్ జాకెట్ తొడుక్కోలేదని కూడా ఉంది. అది ఇరుపక్షాలకూ వర్తిస్తుంది.

సరంగు_మనవడు:

మా తాతగారు గోదావరి మీద పడవ నడిపినవారు; మాది సఖినేటిపల్లి వైపు. నరసాపురం రేవు నుంచి పంటు దాటేటప్పుడు, దారిలో చిన్న నావలో ఎవరైనా వల లాగుతూ కనిపిస్తే సరంగు ఇంజను తగ్గించి, చేయెత్తి, అతను తలూపేవరకు ఆగి వెళ్లడం నా చిన్నతనంలో చూశాను. అక్కడ ఏ చట్టమూ చేతిలో లేదు. ఆ నావలో ఉన్నవాడు ఎవరి కొడుకో, ఏ వీధివాడో సరంగుకు తెలుసు, వల తెగితే సాయంత్రం రేవులోనే తగువు తేల్చుకోవాలని కూడా తెలుసు. లానియర్‌లో పడవ నడిపేవాడికి కయాక్‌లో ఉన్నవాళ్లు ఎవరో తెలియదు, మళ్లీ కనిపించరు కూడా. ఒడ్డున ఎదురుపడి అడిగేవాళ్లు లేనిచోట ఆ పని చట్టమూ, గస్తీ పడవా చేయాల్సి వస్తుంది. దాదాపు 38,000 ఎకరాల సరస్సులో, దాదాపు 690 మైళ్ల తీరరేఖ మీద గస్తీ ఎన్నిచోట్ల ఉండగలదో మీరే ఊహించండి.

రెండు_తెడ్లు:

ఇక్కడ ఎవరూ ఎత్తని ఒక సంగతి నేను ఎత్తుతాను, కొందరికి కష్టంగా ఉన్నా సరే. జూలై నాలుగో తేదీ, లేబర్ డే సెలవుల్లో అద్దె పాంటూన్‌ల (వేదికలా చదునుగా ఉండే మరపడవల) మీద పదేసి మంది ఎక్కి తిరిగే బృందాల్లో మన తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. పుట్టినరోజులకీ, ఆఫీసు స్నేహితుల కలయికలకీ పడవ అద్దెకు తీసుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. అంతకుముందు ఎన్నడూ చక్రం పట్టని మనిషికి, రేవులో నాలుగు మాటలు చెప్పి, కాగితం మీద సంతకం పెట్టించుకుని, తాళాలు ఇచ్చేస్తారు. పడవకు బ్రేకులు ఉండవని, ఇంజను ఆపినా అది చాలా దూరం జారుతూనే ఉంటుందని, ఇంజను పూర్తిగా ఆగిపోతే చక్రం తిప్పినా ఫలితం ఉండదని ఆ మనిషికి సరస్సు మధ్యకు వెళ్లాకే తెలుస్తుంది. పైగా పడవలో పాటల మోత, బిర్యానీ డబ్బాలు, వెనక తాడు కట్టి లాగే గాలి ట్యూబు మీద పిల్లలు. అందరి కళ్లూ ఆ ట్యూబు మీదే ఉంటాయి, ముందు వైపు ఎవరి కళ్లూ ఉండవు. "ఇక్కడివాళ్లు మనల్ని లెక్కచేయరు" అని వాపోయేముందు, మన పడవ ఎవరి కయాక్ పక్కనుంచి వెళ్లిందో కూడా ఆలోచించుకోవాలి.

నిబంధనల_నారాయణ:

రెండు తెడ్లు గారు చెప్పినదానికి చట్టంలోని ఒక వివరం తోడవుతుంది. జార్జియాలో 1998 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు మరపడవ నడపాలంటే ఆమోదం పొందిన పడవ శిక్షణ పూర్తి చేసి ఉండాలి. అంతకుముందు పుట్టినవారికి ఆ షరతు లేదు. మన పాంటూన్ బృందాల్లో చక్రం పట్టే నలభై ఏళ్ల పెద్దమనిషి, పక్కన కూర్చున్న ఇరవయ్యేళ్ల మేనల్లుడికన్నా తక్కువ తెలిసినవాడైనా చట్టానికి అభ్యంతరం లేదు.

ఆ శిక్షణ నిబంధన వెనక విషాదం ఉంది. 2012 జూన్‌లో ఇదే సరస్సులో, మద్యం తాగి నడిపిన పడవ ఒకటి రాత్రివేళ ఒక పాంటూన్‌ను ఢీకొని ఇద్దరు చిన్నారి అన్నదమ్ములు చనిపోయారు. మరుసటి నెలలో ట్యూబు మీద ఉన్న 11 ఏళ్ల బాలుణ్ని జెట్ స్కీ ఢీకొట్టి, అతనూ దక్కలేదు. 2013లో రాష్ట్రం పడవ చోదకుల రక్తంలో మద్యం పరిమితిని 0.10 నుంచి కారు చోదకుల పరిమితి అయిన 0.08కి తగ్గించి, కదిలే పడవలో తప్పనిసరిగా లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిన పిల్లల వయసును 10 ఏళ్ల లోపు నుంచి 13 ఏళ్ల లోపుకు పెంచి, శిక్షణ నిబంధన తెచ్చింది. ఆ ఘటనలకు ముందు రోడ్డు మీద నేరమయ్యే మోతాదు నీటి మీద నేరం కాకుండా ఉండటాన్ని ఎవరూ పట్టించుకోలేదు. తెడ్డు పడవల విషయంలోనూ చట్టం ఏదో ఒక చావు కోసం ఎదురుచూడకూడదన్నదే నా బాధ.

అల_పరిశీలకుడు:

ఢీకొనడం గురించే మాట్లాడుతున్నారు గానీ, మొదటి టపాలో జరిగింది అల వల్ల వచ్చిన ప్రమాదం. వేక్ సర్ఫింగ్ (పడవ వెనక లేచే అల మీద పలకతో జారే ఆట) పడవల అలల మీద మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోని సెయింట్ ఆంథొనీ ఫాల్స్ ప్రయోగశాల 2022లో ఒక నివేదిక ఇచ్చింది. మామూలు విహార పడవ అల 200 అడుగుల దూరంలో ఎంత బలహీనపడుతుందో, వేక్ సర్ఫింగ్ పడవ అల ఆ స్థాయికి రావడానికి 500 అడుగులకు పైగా దూరం కావాలని అందులో తేలింది. జార్జియాలో వేక్ సర్ఫింగ్‌కు ఒడ్డు, డాక్‌ల నుంచి పాటించాల్సిన దూరం 200 అడుగులు. దీన్నిబట్టి నియమం పాటించిన పడవ కూడా ఒడ్డు దగ్గరి కయాక్‌ను ముంచగలదు.

అల వస్తున్నప్పుడు ఏం చేయాలో పిల్లలకు నిలకడ నీటిలోనే నేర్పించండి. ముక్కును అలవైపు తిప్పాలి. పూర్తిగా ఎదురుగా తిప్పలేకపోయినా కొంచెం ఏటవాలుగా ఉంటే చాలు. తెడ్డు వేయడం ఆపకూడదు, ఎందుకంటే నీటిని పట్టుకుని ఉన్న తెడ్డే పడవకు నిలకడ. భయంతో రెండు చేతులూ పడవ అంచులు పట్టుకోవడం అందరూ చేసే పని, బోల్తా పడేది కూడా ఎక్కువగా అప్పుడే. ఇంకొకటి: పెద్ద అల ఒక్కటే రాదు, వెనక మరో మూడు నాలుగు వస్తాయి, మొదటిది దాటగానే ఊపిరి పీల్చుకుని పడవ పక్కకు తిప్పుకోవద్దు.

తెడ్డు_కమింగ్:

సరిగ్గా అదే జరిగింది, మా అమ్మాయి తెడ్డు ఒళ్లో పెట్టుకుని అంచులు పట్టుకుంది. ఫిర్యాదు సంగతి ఎవరైనా చెప్పగలరా?

తీరం_వెంట:

నేను ఫిర్యాదు చేసిన అనుభవంతో చెబుతున్నాను. ఈ సరస్సు, బ్యూఫోర్డ్ ఆనకట్ట అమెరికా ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ అధీనంలో ఉన్నా, నీటి మీద పడవల నడవడిని ప్రధానంగా చూసేది రాష్ట్ర సహజ వనరుల శాఖకు చెందిన గేమ్ వార్డెన్లు. వాళ్లు మొదట అడిగేది పడవ నంబరు. జార్జియా పడవలకు ముక్కుకు ఇరువైపులా జీఏ అనే అక్షరాలు, నాలుగు అంకెలు, మళ్లీ రెండు అక్షరాలు ఉంటాయి. పక్కనుంచి దూసుకుపోయే పడవ మీద ఆ మొత్తం చదవడం అసాధ్యం, అందుకే లైఫ్ జాకెట్ భుజానికి చిన్న కెమెరా తగిలించుకునేవాళ్లు పెరిగారు. కెమెరా లేకపోతే పడవ రంగు, పైన టవరు ఉందా లేదా, ఎంతమంది ఉన్నారు, ఏ డాక్ వైపు వెళ్లింది, ఎన్ని గంటలకు అన్నవి ఒడ్డుకు రాగానే రాసిపెట్టుకోండి. నా ఫిర్యాదులో ఆ చోదకుడికి జరిమానా పడలేదు, ఎందుకంటే నంబరులో రెండు అంకెలు మాత్రమే చెప్పగలిగాను. అయితే ఆ తర్వాతి వారాంతాల్లో ఆ కోవ్ (ఒడ్డులోకి చొచ్చుకొచ్చిన నీటిపాయ) వైపు గస్తీ పడవ తిరగడం కనిపించింది. అది నా ఫిర్యాదు వల్లేనని చెప్పలేను గానీ, ఎవరూ రాయని చోటికి గస్తీ పంపాలని వాళ్లకు మాత్రం ఎలా తెలుస్తుంది?

రెండు_తెడ్లు:

పిల్లలతో వెళ్లడం తగునా అని మొదట అడిగారు కదా, దానికి నా సమాధానం వేళను, చోటును బట్టి తగునని. సెలవు రోజు మధ్యాహ్నాలు మానేయండి. తెల్లవారాక పదింటి లోపు సరస్సు దాదాపు మనదే. ఉత్తరాన గెయిన్స్‌విల్ దగ్గర, 1996 ఒలింపిక్స్ రోయింగ్, స్ప్రింట్ కయాక్ పోటీలు జరిగిన లేక్ లానియర్ ఒలింపిక్ పార్కు వైపు తెడ్డు పడవలు రోజూ తిరుగుతాయి కాబట్టి మరపడవలవాళ్లకు వాటిని చూసే అలవాటు ఉంటుంది. ఇంకా పైకి, డాన్ కార్టర్ స్టేట్ పార్కు దగ్గర దక్షిణాన ఉన్నంత రద్దీ ఉండదు. మరపడవల బెడదే వద్దనుకుంటే అట్లాంటాకు పడమర ఉన్న స్వీట్‌వాటర్ క్రీక్ స్టేట్ పార్కు జలాశయంలో ఎలక్ట్రిక్ మోటార్లకే అనుమతి. కొత్తగా నేర్చుకునే పిల్లలకు అంతకన్నా మంచి చోటు దగ్గర్లో లేదని నా అభిప్రాయం.

కానీ ఒక హెచ్చరిక. పడవల పోరు పడలేక కొందరు ఆనకట్ట దిగువన చట్టహూచీ నదిలోకి వెళ్తున్నారు. అక్కడికి వచ్చేది సరస్సు అడుగునుంచి వదిలే నీరు కాబట్టి నడివేసవిలో కూడా ఎముకలు కొరికే చల్లదనం ఉంటుంది, విద్యుత్తు కోసం నీరు వదిలినప్పుడు మట్టం చాలా త్వరగా పెరుగుతుంది. సైరన్ మోగగానే ఒడ్డెక్కాలి. ఆనకట్ట నుంచి 20వ నంబరు రహదారి వంతెన దాకా వయసుతో పనిలేకుండా అందరూ లైఫ్ జాకెట్ తొడుక్కుని ఉండాల్సిందే.

పాంటూన్_ప్రియుడు:

మా వైపునుంచి కనిపించే మరొక వివరం చెబుతాను, పనికొస్తుంది. దూరంనుంచి మాకు ముందు కనిపించేది పడవా కాదు, మనిషీ కాదు. పైకి లేచి కిందికి దిగే తెడ్డు రెక్క. నల్ల రెక్కలున్న తెడ్డు కొనకండి. ఉన్నదాని మీద పసుపో నారింజో రంగు టేపు అంటించినా చాలా తేడా ఉంటుంది. ప్రధాన మార్గం దాటాల్సి వస్తే అందరూ ఒక గుంపుగా దగ్గరకు చేరి, అడ్డంగా, అతి తక్కువ దూరం ఉన్నచోట, ఆగకుండా దాటండి. దారి గుర్తుగా నీటిలో తేలే ఎర్ర, ఆకుపచ్చ బోయాల మధ్యది మా దారి, వాటికి బయట ఒడ్డువైపు మీరు ఉంటే ఇద్దరికీ హాయి. వచ్చే వారం మా మెరీనాలో పడవ యజమానుల సమావేశం ఉంది. నెమ్మదిగా వెళ్లాలని గుర్తుచేసే బోర్డు ఇంధనం పోసుకునే డాక్ దగ్గర పెట్టమని అడగబోతున్నాను. అద్దెకిచ్చే రేవుల్లో తాళాలతోపాటు చెప్పే ఆ నాలుగు మాటల్లో కయాక్‌ల గురించి ఒక మాట చేర్చమని మీరూ అడగండి. వినియోగదారులు అడిగితే వాళ్లు వింటారు.

కొత్త_కయాకీ:

అందరి టపాలూ చదివాను. ఒక చిన్న సందేహం: సాయంత్రం ఒడ్డుకు చేరేలోపు చీకటి పడితే కయాక్‌కు కూడా ఎర్ర, ఆకుపచ్చ దీపాలు ఉండాలా?

నిబంధనల_నారాయణ:

తప్పనిసరి కాదు. 25వ నియమం ప్రకారం తెడ్డుతో నడిచే పడవకు ఆ దీపాలు లేకపోతే, ఢీకొనే ప్రమాదాన్ని నివారించడానికి సరిపోయేంత ముందుగా చూపించగలిగేలా తెల్లని కాంతినిచ్చే టార్చి చేతికి అందేచోట ఉండాలి. సంచి అడుగున ఉంటే చాలదు. దానితోపాటు లైఫ్ జాకెట్‌కు ఒక ఈల కట్టుకోండి. ఎదుటి పడవ ఉద్దేశం అర్థం కానప్పుడు ఐదు పొట్టి ఈలలు వేయడం 34వ నియమంలో ఉన్న ప్రమాద సంకేతమే. ఇంజను రొదలో అది అవతలివాళ్లకు వినిపించకపోవచ్చు కాబట్టి చీకట్లో మొదట టార్చి వెలిగించండి, అది కూడా వాళ్ల కళ్లలోకి కొట్టకుండా, మీ పడవ మీదా మీ జాకెట్ మీదా పడేలా.